ఆమ్లజని చెప్పే పాఠం: సైన్స్ ఫిక్షన్‌కు నిర్వచనం సాధ్యమా?

సాహిత్య ప్రక్రియలలో చాలా వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. చేతికి అందిన పుస్తకం నాటకమా, నవలా, శతకమా అన్న సందేహం సాధారణంగా ఎవరికీ కలగదు. సైన్స్ ఫిక్షన్ సంగతి వేరు. ఫలానా సినిమా సైన్స్ ఫిక్షన్ అవునో కాదో పదేళ్ళ పిల్లవాడు తడుముకోకుండా చెబుతాడు. ఎందుకని అడిగితే ఆ విషయం మీదనే జీవితమంతా కృషి చేసిన విమర్శకుడు సైతం తడబడతాడు.

మన తర్కశాస్త్రం ఏ వస్తువుకైనా లక్షణం చెప్పేటప్పుడు తప్పించుకోవలసిన దోషాలను ఏనాడో పేర్కొన్నది. ఆవు అంటే కపిలవర్ణం గల జంతువు అన్నామనుకోండి, తెల్లావు బయటనే ఉండిపోతుంది. అది అవ్యాప్తి. కొమ్ములు గల జంతువు అన్నామనుకోండి, గేదె కూడా లోపలికి వచ్చేస్తుంది. అది అతివ్యాప్తి. సైన్స్ ఫిక్షన్‌కు గత వంద సంవత్సరాలలో వచ్చిన నిర్వచనాలలో చాలా భాగం ఈ రెండు దోషాలలో ఏదో ఒక దానికి గురి అయినవే.

వృత్తిరీత్యా నేను రసాయన శాస్త్ర పరిశోధకుణ్ణి. సాహిత్య విమర్శ నా రంగం కాదు. అయినా ఈ ప్రశ్నను ఈ సంచిక పాఠకుల ముందు ఉంచడానికి కారణం ఉన్నది. ఇది పండితులు కాలక్షేపానికి చేసుకునే వాదం కాదని నా అభిప్రాయం. పరదేశంలో పెరుగుతున్న మన పిల్లలకు పురాణ కథలను ఎలా చెప్పాలి, సైన్సును ఎలా చెప్పాలి, ఆ రెంటికీ నడుమ గీత ఎక్కడ గీయాలి అన్న సమస్యతో ఇది నేరుగా ముడిపడి ఉన్నది.

పేరులోనే పేచీ

ఈ సాహిత్యానికి పేరు స్థిరపరచిన వ్యక్తి మనలో చాలా మందివలెనే అమెరికాకు వలస వచ్చినవాడు కావటం ఒక విశేషం. హ్యూగో గెర్న్స్‌బాక్ 1884లో లక్సెంబర్గ్‌లో పుట్టి, 1904లో ఈ దేశం చేరాడు. రేడియో విడిభాగాల వ్యాపారం చేశాడు, పత్రికలు నడిపాడు. 1926 ఏప్రిల్‌లో ‘అమేజింగ్ స్టోరీస్’ అనే మాసపత్రికను ప్రారంభించాడు. అందులో తాను ప్రచురించబోయే కథలకు మొదట ‘సైంటిఫిక్షన్’ అని నోరు తిరగని పేరు పెట్టాడు. 1929లో ఆ పత్రిక చేజారిపోగా, మరొక పత్రికను స్థాపించి ‘సైన్స్ ఫిక్షన్’ అనే మాటను వ్యాప్తిలోకి తెచ్చాడు. కథ అనే బెల్లంలో చుట్టి సైన్సు అనే మాత్రను మింగించాలన్నది ఆయన ఆశయం.

ఈ పేరును తెలుగు చేయబోతే మరొక చిక్కు ఎదురవుతుంది. వైజ్ఞానిక కల్పన అన్నారు, శాస్త్ర కల్పన అన్నారు. అయితే తెలుగులో ‘శాస్త్రం’ అన్న మాట చాలా విశాలమైనది. తర్కం, వ్యాకరణం, ధర్మం, జ్యోతిషం, శకునం, అన్నీ శాస్త్రాలే. బల్లి మీద పడితే ఏమవుతుందో చెప్పేదీ శాస్త్రమే, తెగిన బల్లి తోక తిరిగి ఎలా మొలుస్తుందో పరిశోధించేదీ శాస్త్రమే! శాస్త్రం అన్న మాటకు మూలార్థం శాసించేది అని. సైన్సు అలా కాదు. తాను చెప్పిన దానిని ఎవరైనా ప్రశ్నించవచ్చునని, పరీక్షించి తప్పని తేలితే విడిచిపెడతానని ముందే ఒప్పుకున్న విద్య అది. ఈ భేదం మరుగున పడుతుందన్న భయంతోనే ఈ వ్యాసంలో ‘సైన్స్ ఫిక్షన్’ అన్న మాటను అలాగే వాడుతున్నాను.

నిలవని నిర్వచనాలు

అందరికీ మొదట తోచే నిర్వచనం, అంతరిక్ష నౌకలు, యంత్ర మానవులు, అన్య గ్రహాలు ఉన్న కథ సైన్స్ ఫిక్షన్ అన్నది. ఈ లెక్కన 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ అగ్రస్థానంలో ఉండాలి. కానీ అందులోని సామగ్రిని పక్కన పెట్టి కథను చూడండి. చెరపట్టబడిన రాకుమారి, కత్తి యుద్ధం నేర్పే ముసలి గురువు, కంటికి కనిపించని దివ్యశక్తి. రాకెట్లకు బదులు రెక్కల గుర్రాలను పెట్టినా కథకు వచ్చే లోటు లేదు. మరొక వైపు మార్గరెట్ అట్‌వుడ్ 1985లో ప్రచురించిన ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ నవలలో చెప్పుకోదగ్గ యంత్రమే లేదు. అయినా సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే ఆర్థర్ సి. క్లార్క్ బహుమతి మొదటిసారి, 1987లో, ఆ నవలకే లభించింది. రచయిత్రి మాత్రం తన నవలను సైన్స్ ఫిక్షన్ అనడానికి ఇష్టపడలేదు!

రెండవ నిర్వచనం, అందులోని సైన్సు సరిగా ఉండాలన్నది. జూల్ వెర్న్ ఈ పక్షం వాడు. ఆయన 1865 నాటి నవలలో మనుషులను ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుని వైపు పేల్చుతారు. హెచ్.జి. వెల్స్ 1901 నాటి నవలలో గురుత్వాకర్షణను అడ్డగించే ‘కేవొరైట్’ అనే పదార్థాన్ని కల్పించి, దానితో మనుషులను చంద్రునికి చేరుస్తాడు. తాను భౌతిక శాస్త్రాన్ని వినియోగించుకున్నానని, వెల్స్ అయితే దానిని కల్పించుకున్నాడని వెర్న్ ఆక్షేపించాడు. మనమే లెక్క కట్టి చూద్దాం. వెర్న్ ఫిరంగి పొడవు 900 అడుగులు. అంత తక్కువ దూరంలో గుండుకు సెకనుకు 11 కిలోమీటర్ల వేగం రావాలంటే, లోపలి మనుషుల మీద పడే ఒత్తిడి భూమ్యాకర్షణకు 20 వేల రెట్లకు పైబడుతుంది. అంటే లెక్కలు సరిగా వేశానన్న వెర్న్ ప్రయాణికులు ఫిరంగి గొట్టం దాటకముందే మరణిస్తారు. సైన్సు సరిగా ఉండటమే కొలమానమైతే ఇద్దరూ బయట నిలబడవలసినదే.

మూడవ నిర్వచనం, భవిష్యత్తును ముందుగా చెప్పేది అన్నది. ఇక్కడ మా రసాయన శాస్త్రానికి కొంత ప్రమేయం ఉన్నది. రేడియో ధార్మిక పదార్థాలలో ఒక మూలకం మరొక మూలకంగా మారుతున్నదని రూథర్‌ఫర్డ్‌తో కలిసి కనుగొన్న ఫ్రెడరిక్ సాడీ 1909లో రేడియం గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. వెల్స్ దానిని చదివి, 1914లో ‘ది వరల్డ్ సెట్ ఫ్రీ’ అనే నవల రాసి సాడీ పుస్తకానికే అంకితం చేశాడు. ‘పరమాణు బాంబు’ అన్న మాట ఆ నవలలో ఉన్నది. లియో జిలార్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1932లో ఆ నవలను చదివాడు. మరుసటి సంవత్సరం లండన్‌లో ఉండగా ఆయనకు న్యూట్రాన్లతో శృంఖల చర్య సాధ్యమన్న ఆలోచన స్ఫురించింది. ఆ పైన జరిగినది చరిత్ర. అయితే వెల్స్ బాంబు అసలు బాంబు వంటిది కాదు. విమానంలో నుంచి చేతితో పడవేస్తే రోజుల తరబడి పేలుతూనే ఉంటుంది. జోస్యంగా చూస్తే అది సగమే ఫలించింది. నవలగా దాని విలువ మరొక చోట ఉన్నది. ఇంతటి శక్తి చేతికి వచ్చిన తరువాత మానవజాతి యుద్ధం అనే అలవాటును ఎలా మానుకోగలదు అన్న ప్రశ్నను, బాంబు పుట్టడానికి 31 సంవత్సరాల ముందే వెల్స్ అడిగాడు.

ఈ అవస్థ చూసి విసిగిపోయిన డేమన్ నైట్ అనే రచయిత, మనం వేలు పెట్టి దేనిని చూపుతూ ఆ పేరు పలుకుతామో అదే సైన్స్ ఫిక్షన్ అని 1950వ దశకంలో తేల్చివేశాడు. బ్రయన్ ఆల్డిస్ 1973లో ఈ సాహిత్య చరిత్ర రాస్తూ, 1818 నాటి మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ దీనికి ఆదిగ్రంథమని వాదించాడు. జాగ్రెబ్‌లో పుట్టి కెనడాలో ఆచార్యుడైన డార్కో సువిన్ 1970వ దశకంలో మరికొంత లోతుకు వెళ్ళాడు. ఈ కథలలో మన లోకంలో లేని కొత్త అంశం ఒకటి ఉంటుందని, దాని మూలంగా మనకు పరిచితమైన లోకమే వింతగా కనిపిస్తుందని, అయితే ఆ వింత బుద్ధికి అందేదై ఉంటుందని ఆయన సిద్ధాంతం. నేను చూసినంతలో గమ్యానికి దగ్గరగా వచ్చిన నిర్వచనం ఇదే.

ఆమ్లం అంటే ఏమిటి?

ఇలాంటి చిక్కు మా రంగంలోనూ వచ్చింది. పద్ధెనిమిదవ శతాబ్దం చివరి భాగంలో లవోయిజే అనే మహా శాస్త్రవేత్త, ఆమ్లాలన్నింటిలోనూ ఒక వాయువు ఉంటుందని, వాటి పులుపుకు అదే కారణమని భావించాడు. అందుకే దానికి ‘ఆక్సిజన్’ అని పేరు పెట్టాడు. ఆమ్లాన్ని పుట్టించేది అని దాని అర్థం. తెలుగు మాధ్యమంలో చదువుకున్న వారికి ‘ఆమ్లజని’ అన్న మాట గుర్తుండే ఉంటుంది. అది ఆ పేరుకు అక్షరాలా అనువాదమే. కానీ 1810లో హంఫ్రీ డేవీ, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆమ్లజని లేశమైనా లేదని నిరూపించాడు. సిద్ధాంతం పోయింది, పేరు మాత్రం మిగిలింది. మనం ఈనాటికీ ప్రాణవాయువును ఒక పొరపాటు పేరుతోనే పిలుచుకుంటున్నాం.

తరువాత 1880వ దశకంలో అరీనియస్, నీటిలో కరిగినప్పుడు హైడ్రోజన్ అయానులను విడుదల చేసేది ఆమ్లం అన్నాడు. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అనే ఇద్దరు విడివిడిగా, నీటితో నిమిత్తం లేకుండా, ప్రోటాన్‌ను దానం చేసేది ఆమ్లం అన్నారు. అదే సంవత్సరం జి.ఎన్. లూయిస్, ఎలక్ట్రాన్ జంటను స్వీకరించేది ఆమ్లం అన్నాడు. ఈ మూడు నిర్వచనాలూ నేటికీ వాడుకలో ఉన్నాయి. ఏ పనికి ఏది తగునో దానిని వాడుకుంటాం. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో హైడ్రోజనే లేదు. అయినా లూయిస్ లెక్కలో అది మంచి ఆమ్లం.

ఈ కథలో గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది, లవోయిజే ‘ఇందులో ఏమున్నది?’ అని అడిగాడు, భంగపడ్డాడు. తరువాతి వారు ‘ఇది ఏమి చేస్తుంది?’ అని అడిగారు, నెగ్గారు. సైన్స్ ఫిక్షన్‌లో అంతరిక్ష నౌకను వెతికేవారు ఆమ్లంలో ఆమ్లజనిని వెతికిన వారి వంటివారే. రెండవది, ఆమ్లత్వం అనేది అవును, కాదు అని రెండు మాటలతో తేలే గుణం కాదు. దానికి తరతమ భేదాలు ఉన్నాయి. గంధకామ్లం బలమైనది, మన చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, పెరుగులోని లాక్టిక్ ఆమ్లం బలహీనమైనవి. బలహీనమైన ఆమ్లం అన్నంత మాత్రాన చింతపండు పులుసుకు వచ్చిన లోటేమీ లేదు.

‘అనుకొనుము’ అన్న మాట

అయితే సైన్స్ ఫిక్షన్ చేసే పని ఏమిటి? మన పాఠశాలలో రేఖాగణితం చదువుకున్న రోజులను జ్ఞప్తికి తెచ్చుకోండి. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని వరుసగా రాసేవాళ్ళం. ఉపపత్తిలో తరచు ‘అనుకొనుము’ అన్న మాట వచ్చేది. ఒకసారి అనుకున్న తరువాత ఇక స్వేచ్ఛ లేదు. ప్రతి మెట్టూ దాని ముందరి మెట్టు నుంచే రావాలి. మధ్యలో ఇబ్బంది వచ్చిందని మరొకటి అనుకోవటానికి ఉపాధ్యాయుడు ఒప్పుకునేవాడు కాదు.

సైన్స్ ఫిక్షన్ రచయిత చేసేది కూడా ఇదే అని నా ప్రతిపాదన. ప్రకృతి గురించో సమాజం గురించో అతడు ఒక ‘అనుకొనుము’ను మన ముందు పెడతాడు. అది అబద్ధమైనా ఫరవాలేదు. కానీ ఆ తరువాత తానే దానికి కట్టుబడతాడు. కథానాయకుడు ఆపదలో పడ్డాడని కొత్త వరం ఇవ్వడు. చివరకు ఆ ఒక్క మార్పుకు మనుషులు చెల్లించవలసిన మూల్యం ఏమిటో నిజాయితీగా లెక్క చెబుతాడు. ఏదైనా జరగవచ్చు అన్న చోట ఏదీ ఆసక్తికరంగా ఉండదన్న భావాన్ని వెల్స్ కూడా తన నవలల సంపుటానికి 1934లో రాసిన ముందుమాటలో వెలిబుచ్చాడు.

ఈ గీటురాయి మీద కొన్ని రచనలను పరీక్షిద్దాం. జగదీశ్ చంద్ర బోస్ 1896లో బెంగాలీలో ఒక కథ రాశాడు. ‘కుంతలీన్’ అనే తలనూనె తయారీదారులు నిర్వహించిన పోటీలో దానికి బహుమతి వచ్చింది. కలకత్తా మీదకు రానున్నదని చెప్పిన తుఫాను అకస్మాత్తుగా మాయమవుతుంది. వాతావరణ శాస్త్రవేత్తలు తలలు పట్టుకుంటారు. సంగతి ఏమిటంటే, ఓడలో ప్రయాణిస్తున్న ఒకాయన తన వద్దనున్న తలనూనె సీసాను సముద్రంలో ఒంపాడు! ఇది ఉత్త హాస్యం కాదు. నూనె అలలను అణచుతుందన్నది వాస్తవం. ఒక చెంచా నూనె చెరువులో సుమారు అర ఎకరం మేర నీటిని అద్దంలా చేసిందని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1774లో ప్రకటించాడు. అంత తక్కువ నూనె అంత మేర పరచుకున్నదంటే దాని పొర మందం రెండు మూడు నానోమీటర్లు మాత్రమే, అంటే దాదాపు ఒక అణువు పొడవు. ఆ పొర తలతన్యతను మార్చి చిన్న అలలను లేవనివ్వదు. తుఫానును మాత్రం ఆపలేదు. బోస్ చేసినదల్లా చెరువుకు వర్తించే నియమం సముద్రానికీ వర్తిస్తుందని అనుకోవటం. ‘అనుకొనుము’ ఒక్కటే, తక్కినదంతా దాని పర్యవసానం.

ఐజాక్ ఆసిమోవ్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రంలో డాక్టరేటు ముగిస్తున్న రోజుల్లో, 1948లో, ‘థయోటిమొలిన్’ అనే లేని పదార్థం మీద అచ్చం పరిశోధన పత్రంలా ఒక రచన ప్రచురించాడు. దాని ప్రత్యేకత, నీళ్ళు పోయడానికి 1.12 సెకనుల ముందే కరిగిపోవటం. అందులో పాత్రలు లేవు, సంభాషణలు లేవు. పట్టికలు, కొలతలు ఉన్నాయి. కొద్ది వారాలలో జరగనున్న తన మౌఖిక పరీక్షకు దీనివల్ల ముప్పు వస్తుందేమోనని ఆయన బెంగపడ్డాడు. పరీక్ష చివర ఒక పరీక్షకుడు థయోటిమొలిన్ గురించే నవ్వుతూ ప్రశ్న వేయటంతో తాను గట్టెక్కానని గ్రహించాడు. ఇది సైన్స్ ఫిక్షనేనా? ‘అనుకొనుము’ ఉన్నది, కట్టుబాటు ఉన్నది, మనుషులు చెల్లించే మూల్యం లేదు. కనుక బలహీన ఆమ్లం అంటాను.

అర్సులా లెగ్విన్ 1969 నాటి ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’లో మనుషులకు స్థిరమైన స్త్రీత్వం గానీ పురుషత్వం గానీ లేని ఒక లోకాన్ని అనుకున్నది. ఈ రోజు తండ్రి అయినవాడు మరొకప్పుడు తల్లి కావచ్చు. ఆ ఒక్క మార్పుతో అధికారం, కుటుంబం, స్నేహం, యుద్ధం అన్నీ ఎలా మారతాయో నవల అంతటా పరిశీలించింది. యంత్రాల ప్రసక్తి స్వల్పమే. అయినా ఇది గంధకామ్లం.

ప్రియదర్శిని, రేవతి

ఇక మన ఇళ్ళలో తరచు వినిపించే మాటకు వద్దాం. 1957 నాటి ‘మాయాబజార్’ చూసినప్పుడల్లా ఎవరో ఒకరు ప్రియదర్శిని పేటికను చూపి, ‘ఇది వీడియో కాల్ కాదూ! మనవాళ్ళు అప్పుడే ఊహించారు’ అంటారు. సరదాకు అన్నంత వరకు ఇబ్బంది లేదు. ప్రియదర్శిని మూత తెరిచిన వారికి తమకు అత్యంత ప్రియమైనది కనిపిస్తుంది. అంటే అది దూరాన్ని చూపే యంత్రం కాదు, మనసును చూపే అద్దం. అది ఎలా పనిచేస్తుందని అడగటం ఆ కథలో అసందర్భం. దానికి తీగ ఉన్నదా, శక్తి ఎక్కడి నుంచి వస్తున్నది, పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నలు ఆ దృశ్యంలోని సౌందర్యాన్ని పాడుచేయటం తప్ప మరేమీ చేయవు.

అదే చిత్రంలో శశిరేఖ తల్లి రేవతీదేవి. ఆమె పుట్టుపూర్వోత్తరాలు భాగవతం నవమ స్కంధంలో ఉన్నాయి. కకుద్మి అనే రాజు తన కుమార్తె రేవతికి తగిన వరుని గురించి అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ గానం జరుగుతుండగా ముగిసేదాకా వేచి ఉన్నాడు. ఆ తరువాత విన్నవించుకోగా బ్రహ్మ నవ్వి, ఈలోగా భూలోకంలో 27 మహాయుగాలు గడచిపోయాయని, నీవు మనసులో అనుకున్న వరులే కాదు, వారి కొడుకులు, మనుమల పేర్లు కూడా ఇప్పుడు వినిపించవని చెప్పాడు. చివరకు రేవతి బలరాముని భార్య అయింది.

దీనిని చూపి, ఐన్‌స్టయిన్ 1905లో చెప్పిన సాపేక్ష సిద్ధాంతం మన పురాణాలలో ముందే ఉన్నదనేవారు ఉన్నారు. 2014లో వచ్చిన ‘ఇంటర్‌స్టెల్లార్’ చిత్రంలో కృష్ణబిలం సమీపాన ఒక గ్రహం మీద గడిపిన ఒక గంట, భూమి మీద ఏడు సంవత్సరాలకు సమానం. రెండు కథలలోనూ తండ్రీ కూతుళ్ళు ఉన్నారు, జారిపోయిన కాలం ఉన్నది. అయినా అవి చేసే పనులు వేరు. సినిమా వెనుక కిప్ థార్న్ అనే భౌతిక శాస్త్రవేత్త వేసిన లెక్క ఉన్నది. ఆ కృష్ణబిలం ఎంత వేగంగా తిరిగితే అంత వ్యత్యాసం వస్తుందో ఎవరైనా సరిచూడవచ్చు, తప్పు పట్టవచ్చు. భాగవతంలో 27 అన్న సంఖ్యను సరిచూడమని ఎవరూ అడగలేదు. అక్కడ చెప్పదలచినది కాలం ముందు రాజుల సంకల్పాలు ఎంత అల్పమైనవో. పదేళ్ళ తరువాత స్వగ్రామం వెళ్ళి, పలకరిద్దామనుకున్న పెద్దలు లేరని తెలుసుకున్న ప్రతి ప్రవాసికీ కకుద్మి అవస్థ అర్థమవుతుంది. దానికి ఐన్‌స్టయిన్ సాక్ష్యం అవసరం లేదు.

కలగాపులగం చేస్తే నష్టం ఎవరికి?

పురాణాన్ని సైన్సుగా చూపాలన్న తాపత్రయం మనలను ఎక్కడికి తీసుకుపోతుందో తెలిపే ఉదాహరణ ‘వైమానిక శాస్త్రం’. భరద్వాజ మహర్షి ప్రోక్తమని, ప్రాచీన విమానాల నిర్మాణ రహస్యాలు అందులో ఉన్నాయని దానికి ప్రచారం వచ్చింది. 1974లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు పరిశోధకులు ఆ గ్రంథాన్ని ఆమూలాగ్రం పరిశీలించారు. అది ఇరవయ్యవ శతాబ్దంలో రూపొందినదని, అందులోని విమానాలు ఎగిరే లక్షణం లేనివని తేల్చారు. ఇది ప్రాచీన భారతాన్ని కించపరచటం ఎంతమాత్రం కాదు. మన లెక్కకు రాని గొప్పను మనకు అంటగట్టుకోనక్కర లేదని చెప్పటం మాత్రమే. దశాంశ పద్ధతినీ, సున్ననూ ప్రపంచానికి ఇచ్చిన వారికి అరువు కీర్తి దేనికి?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ‘పిల్లలకు మన సంస్కృతి మీద గౌరవం కలగాలంటే ఇలాంటి పోలికలు ఉపకరిస్తాయి కదా, అంత ఖండితంగా ఉండటం ఎందుకు?’ అని. ఆ సదుద్దేశాన్ని శంకించను. కానీ ఫలితం గురించి ఆలోచించండి. పుష్పకం నిజమైన విమానమని ఇంట్లో విన్న పిల్లవాడు ఆ మాట బడిలో చెబితే, ఆధారం ఏమిటని ఉపాధ్యాయిని అడుగుతుంది. అలా అడగాలనే ఇక్కడి బడులు నేర్పుతాయి. ఆ పద్ధతి కోసమే మనలో చాలా మందిమి పిల్లలను ఇక్కడ చదివిస్తున్నాం. ఆధారం చూపలేని పిల్లవాడు ఇంటికి వచ్చి ఒక్క విమానాన్ని మాత్రమే వదలడు; రామాయణాన్ని మొత్తంగా పక్కన పెడతాడు. రామాయణం ఇంజినీరింగు పరీక్షలో తప్పటానికి బాధ్యులం మనమే అవుతాం. దానిని ఆ పరీక్షకు కూర్చోబెట్టింది మనమే గనుక.

దీనికి వ్యతిరేక దోషమూ ఉన్నది. సైన్సుకు నిలవదు కాబట్టి పురాణం వట్టి పుక్కిటి కథ అని కొట్టివేసే చదువరులు మనలో తక్కువ లేరు. వారూ లవోయిజే చేసిన పొరపాటే చేస్తున్నారు. ‘ఏమి చేస్తుంది?’ అని అడగవలసిన చోట ‘ఇందులో ఏమున్నది?’ అని అడుగుతున్నారు.

రెండూ కలిసిన రచనలు లేవని కాదు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘హాహాహూహూ’లో గుర్రపు తల గల గంధర్వుడు లండన్ నగరం నడిబొడ్డున, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. ఆ ప్రాణి ఏమిటో తేల్చుకోవటానికి ఆ దేశపు మేధావులు పడే పాట్లను రచయిత చిత్రించారు. వచ్చినవాడు పురాణ పురుషుడు, కథ నడిచే తీరు మాత్రం అన్య గ్రహవాసి భూమి మీద దిగిన కథ తీరు. ఒక నాగరికత తనకు తెలియని దానిని ఎదుర్కొన్నప్పుడు దాని కొలబద్దలకే పరీక్ష వస్తుందన్నది అందులోని మూల్యం. 1991 నాటి ‘ఆదిత్య 369’లో కాలయంత్రం మనిషి చేతితో చేసినది, అందుకే అది మొరాయించగలదు, విజయనగరం నుంచి సొంత కాలానికి తిరిగి చేర్చకుండా 2504వ సంవత్సరంలో దింపగలదు. వరంగా లభించిన వాహనమైతే అలా చేయదు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో నీటికీ గాలికీ కరువైన నగరం ‘అనుకొనుము’ నుంచి పుట్టినది, చావులేని అశ్వత్థామ శాపం నుంచి వచ్చినవాడు. ఏ దృశ్యంలో ఏ ఒప్పందం నడుస్తున్నదో గమనిస్తూ చూస్తే ఆ చిత్రం పిల్లలతో మంచి చర్చకు దారి తీస్తుంది.

ఒక మనవి

నా ప్రతిపాదన చివరి మాట అని అనుకోవటం లేదు. అరీనియస్ తరువాత లూయిస్ వచ్చినట్లు మరొకరు మరింత మెరుగైన నిర్వచనంతో రావచ్చు. ఈలోగా మన ఇళ్ళలో ఒక పని చేయవచ్చునని మనవి. ఈ సెలవులలో పిల్లలతో కూర్చుని ఒక పురాణ కథనూ, ఒక సైన్స్ ఫిక్షన్ కథనూ చదవండి. రెండవ కథ చదివాక, ‘రచయిత ఏమి అనుకున్నాడు? దానికి కట్టుబడ్డాడా? ఎక్కడ జారిపోయాడు?’ అని అడగండి. వారు తప్పులు పడితే మెచ్చుకోండి. పురాణ కథ చదివాక ఆ ప్రశ్నలు వద్దు. ‘నీవే ఆ స్థానంలో ఉంటే ఏమి చేసేదానివి? ఏమి చేసేవాడివి?’ అని అడగండి.

మరొక మనవి, మన సభ్యులలోని శాస్త్రవేత్తలకూ, ఇంజినీర్లకూ, వైద్యులకూ. ప్రయోగశాలలో ప్రతి దినం ‘ఇలా జరిగితే?’ అని అనుకుంటూ ఉండేవారు మీరు. ఇల్లు విడిచి, భాష మారి, రుతువులు మారిన చోట బతకటం అంటే ఏమిటో అనుభవంతో తెలిసినవారు మీరు. ఆ రెండూ కలిస్తే తెలుగులో మంచి సైన్స్ ఫిక్షన్ పుడుతుంది. వచ్చే సంచికకు వ్యాసానికి బదులు ఒక కథ పంపండి. అందులో అంతరిక్ష నౌక లేకపోయినా ఫరవాలేదు.